చనిపోయిన అమ్మాయి చెప్పిన కథ: పాఠకులు ఎందుకు చీలిపోయారు

2002 జూలైలో అమెరికాలో వెలువడిన 'ద లవ్లీ బోన్స్' నవలలో మొదటి రెండు వాక్యాలు చదవగానే, కథ చెబుతున్న అమ్మాయి పేరు సూసీ సాల్మన్ అనీ, ఆమెకు పద్నాలుగేళ్లనీ, 1973 డిసెంబరు 6న హత్యకు గురైందనీ తెలిసిపోతుంది. హంతకుడెవరో కూడా మొదటి అధ్యాయంలోనే బయటపడుతుంది. నేరకథకు ఆయువుపట్టు అనుకునే రహస్యాలను రచయిత్రి ఆలిస్ సీబోల్డ్ ఇలా ఆరంభంలోనే వదిలేసుకున్నా, ఆ పుస్తకం ఏడాదికి పైగా అత్యధికంగా అమ్ముడయ్యే నవలల జాబితాలో నిలిచింది. దాంతోపాటే పాఠకుల్లో ఒక చీలిక మొదలైంది, అది ఇప్పటికీ పూడలేదు. కొందరు ఆ నవలను ఏడుస్తూ చదివామని చెబుతారు, బిడ్డనో తోబుట్టువునో పోగొట్టుకున్నవారి చేతిలో దాన్ని పెడతారు. మరికొందరికి అదే పుస్తకం దారుణమైన చావుకు తేనె పూసి అందించిన సరుకులా కనిపిస్తుంది. పరవాలేదు అని ఊరుకునేవారు ఈ నవల విషయంలో తక్కువ. దుఃఖాన్నీ పరలోకాన్నీ కలిపి రాసిన నవలకు పాఠకులు ఎలా స్పందిస్తారో, ఎందుకలా స్పందిస్తారో చూడటానికి ఇంతకంటే అనువైన ఉదాహరణ దొరకడం కష్టం.

ఈ చీలికకు వెంటనే తట్టే వివరణ విశ్వాసం. పరలోకాన్ని నమ్మేవారికి నవల నచ్చుతుందనీ నమ్మనివారికి నచ్చదనీ అనుకుంటే లెక్క తేలిపోయినట్టే ఉంటుంది. అయితే ఈ నవలలోని స్వర్గం ఏ మతానికీ పూర్తిగా సరిపోదు. అక్కడ దేవుడు కనిపించడు, తీర్పు ఉండదు, పాపపుణ్యాల చిట్టా ఉండదు. సూసీ కోరుకున్నట్టుగా ఒక హైస్కూలు ఉంటుంది, ఊయలలు ఉంటాయి, పాఠ్యపుస్తకాల బదులు ఫ్యాషన్ పత్రికలు ఉంటాయి, కొత్తగా వచ్చినవారికి అక్కడి సంగతులు చెప్పే సలహాదారు ఒకామె, తోడుగా ఉండే స్నేహితురాలు ఒకతె ఉంటారు. చనిపోయినప్పటి ఊహకు అందినంత మేరకే ఆ లోకం. పద్నాలుగేళ్ల పిల్ల కోరికలకు అందనిదేదీ అందులో లేదు. దేవుడు లేని స్వర్గమేమిటని భక్తిగల పాఠకులే కొందరు అభ్యంతరం చెప్పారు. ఏ పరలోకాన్నీ నమ్మని పాఠకుల్లో చాలామంది తమ నమ్మకాన్ని పక్కన పెట్టనవసరం లేకుండానే కథలో మునిగిపోయారు. నవల నడిచే కాసేపు ఒక లోకాన్ని ఒప్పుకోవడానికీ, దాన్ని నమ్మడానికీ మధ్య ఉన్న తేడా ప్రతి పాఠకుడికీ తెలిసినదే. కాబట్టి గొడవ స్వర్గం ఉందా లేదా అన్నదాని మీద కాదు.

అసలు విషయం కథకురాలు నిలబడ్డ చోటులో ఉంది. సూసీ పైనుంచి అన్నీ చూస్తుంది. తండ్రి లోలోపల అనుకునేది, చెల్లెలి మొదటి ప్రేమ, హంతకుడి ఇంటి నేలమాళిగ, ఏదీ ఆమెకు మరుగు కాదు. కానీ ఎవరినీ హెచ్చరించే వీలు ఆమెకు లేదు. పోలీసు అధికారి ఆధారాన్ని పట్టించుకోకుండా వదిలేస్తున్నా, చెల్లెలు లిండ్సీ హంతకుడి ఇంట్లోకి ఒంటరిగా చొరబడినప్పుడు అతని కారు వీధి మలుపు తిరుగుతున్నా, ఆమె చేయగలిగిందల్లా చూడటమే. నవల చదువుతున్న మనిషి పరిస్థితి కూడా అక్షరాలా ఇదే. అందరి మనసులూ తెరిచి ఉంటాయి, ఒక్క సంఘటనను కూడా ఆపే వీలు ఉండదు. మరణించినవారు కథ చెప్పే నవలల్లో పాఠకుడికీ కథకుడికీ మధ్య మామూలుగా ఉండే దూరం ఇలా చెరిగిపోతుంది. ఇద్దరూ ఒకే కిటికీ వెనక నిలబడతారు. ఈ పుస్తకం కన్నీళ్లు తెప్పించిందని చెప్పేవారిలో చాలామంది హత్య దృశ్యం దగ్గర ఏడ్చామని చెప్పరు. హత్య తర్వాత ఇంట్లో జరిగే చిన్న చిన్న పనులను సూసీ కళ్లతో చూస్తున్నప్పుడు ఏడుపొచ్చిందని చెబుతారు.

అలాంటి ఒక పనిని దగ్గరగా చూడవచ్చు. తండ్రి జాక్ తన గదిలో సీసాల్లో ఓడల నమూనాలు కడుతుంటాడు. ఆ పనిలో అతనికి సాయం చేసింది ఇంట్లో సూసీ ఒక్కతే. సీసా కదలకుండా పట్టుకోవడం ఆమె వంతు. ఆమె పోయాక జాక్ ఆ గదిలోకి వెళ్లి ఏళ్ల తరబడి కట్టిన ఓడలన్నిటినీ పగలగొడతాడు. ఇదే తండ్రి చిన్న కొడుకు బక్లీకి అక్క ఇక రాదన్న మాట ఎలా చెప్పాలో తెలియక, మొనోపలీ ఆటలో సూసీ గుర్తుగా ఉండే చిన్న బూటు బొమ్మను చూపించి విషయం విప్పి చెబుతాడు. ఈ రెండు సన్నివేశాల్లోనూ పరలోకపు వింత ఏమంత లేదు. ఒక తండ్రి చేతులు ఏం చేస్తున్నాయన్నదే ఉంది. అవి ఎవరి కళ్లతో కనిపిస్తున్నాయన్నదే వాటికి బరువునిస్తుంది.

ఇక్కడ నవల చేసిన పని ఇంకొకటి ఉంది. బతికున్నవారు చనిపోయినవారి కోసం బెంగపడటం లోకంలో మామూలు. ఈ కథలో బెంగ ఎదురు దిక్కుగా కూడా ప్రవహిస్తుంది: చనిపోయిన పిల్ల తన ఇంటి కోసం బెంగపెట్టుకుంటుంది. ఆప్తులను పోగొట్టుకున్నవారిని వేధించే ప్రశ్నల్లో 'వాళ్లకు మనం గుర్తున్నామా' అన్నది ఒకటి, దానికి జవాబు చెప్పగలవారు ఎవరూ ఉండరు. నవల ఆ జవాబును ఒక పాత్ర నోట పలికిస్తుంది. ఊరట పొందినవారు పొందింది దీని వల్లే. మోసపోయినట్టు భావించినవారు భావించిందీ దీని వల్లే, ఎందుకంటే జవాబు దొరకకపోవడమే మరణానికి అసలు రూపమని వారి అభిప్రాయం. ఒకే గుణం ఒకరికి మందూ మరొకరికి అభ్యంతరమూ అయినప్పుడు, ఫలానా పాఠకుడు బాగా చదివాడు, ఫలానావాడు చదవలేదు అని తేల్చడం కుదరదు.

సూసీ ఆ కిటికీ వెనక నిలబడినంతసేపూ రెండు వర్గాలూ ఎంతో కొంత సర్దుకుంటాయి. చివరి భాగంలో ఆమె కిందికి దిగుతుంది. తన మరణాన్ని దగ్గరగా అనుభూతి చెందిన రూత్ అనే సహవిద్యార్థిని దేహంలోకి ప్రవేశించి, తాను బతికుండగా ఇష్టపడిన రే సింగ్‌తో కొంత సమయం గడుపుతుంది, అతనితో దేహసంబంధం కూడా ఏర్పడుతుంది. నవలను మెచ్చినవారు సైతం ఈ సన్నివేశం దగ్గర ఆగిపోతారు. పసితనంలోనే అత్యాచారానికి గురై చనిపోయిన పిల్లకు ప్రేమతో కూడిన స్పర్శ ఒక్కసారైనా దక్కాలన్న రచయిత్రి కోరికను కొందరు అర్థం చేసుకుంటారు. రూత్ దేహం విషయంలో రూత్ ఇష్టం ఎవరు అడిగారని మరికొందరు నిలదీస్తారు. వాదన చాలావరకు ఈ నైతిక ప్రశ్న చుట్టూ తిరిగినా, అసంతృప్తికి లోపలి కారణం వేరే ఉందనిపిస్తుంది. అప్పటిదాకా పాఠకుడిని తన పక్కన నిలబెట్టుకున్న కథకురాలు హఠాత్తుగా పాఠకుడు వెళ్లలేని చోటికి వెళ్లిపోయింది. ఆప్తుణ్ణి పోగొట్టుకున్న పాఠకుడికి ఇది మరీ కష్టంగా ఉంటుంది, ఎందుకంటే తన ఇంట్లో అలాంటి రాక జరగదని అతనికి తెలుసు. చూస్తూ ఉండటం మాత్రమే వీలవుతుందన్న ఒప్పందం మీద కథ వింటున్నవాడికి ఆ ఒప్పందం చెడినట్టు తోస్తుంది.

ఈ ఊహ ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి మరో నవల పక్కన పెట్టుకోవచ్చు. 2017లో మ్యాన్ బుకర్ బహుమతి పొందిన జార్జ్ సాండర్స్ నవల 'లింకన్ ఇన్ ద బార్డో'లోనూ మృతులు బతికున్న మనిషి దేహంలోకి ప్రవేశిస్తారు. అబ్రహాం లింకన్ పదకొండేళ్ల కొడుకు విల్లీ 1862 ఫిబ్రవరి 20న జబ్బుచేసి చనిపోయాడు. అంత్యక్రియల తర్వాత లింకన్ జార్జ్‌టౌన్‌లోని ఓక్ హిల్ శ్మశానవాటికకు వెళ్లి కొడుకు దేహాన్ని చూసుకున్నాడన్న కథనం నవలకు మూలం. అక్కడి ఆత్మలకు తాము చనిపోయామన్న సంగతి ఒప్పుకోవడం ఇష్టం ఉండదు; శవపేటికను రోగి పడుకునే పెట్టె అనే అర్థం వచ్చే మాటతో పిలుచుకుంటూ, ఎప్పుడో కోలుకుని ఇంటికి వెళ్తామని నమ్ముతుంటాయి. అవి లింకన్ దేహంలోకి దూరి అతని ఆలోచనలు వింటాయి. చివరకు విల్లీ కూడా తండ్రిలోకి ప్రవేశిస్తాడు, తండ్రి తలపుల్లోనే తాను చనిపోయానన్న నిజం తెలుసుకుంటాడు, ఆ నిజాన్ని తక్కిన ఆత్మలకు గట్టిగా చెబుతాడు. ఉపాయం రెండు నవలల్లోనూ దాదాపు ఒక్కటే. అయినా సాండర్స్ నవల మీద ఆ సన్నివేశం విషయంలో అంత అలజడి లేదు. అక్కడ దేహప్రవేశం కోరిక తీరడానికి దారి కాలేదు, భ్రమ తొలగడానికి దారి అయింది. మృతుడు తండ్రి దగ్గరకు వెళ్లి తెచ్చుకున్నది తన మరణవార్తే. దుఃఖంలో ఉన్న పాఠకుడికి అందులో తన అనుభవానికి విరుద్ధమైనది కనిపించదు.

సాండర్స్ నవలకు ఎదురైన ప్రతిఘటన వేరే వైపు నుంచి వచ్చింది. అందులో ఒక కథకుడు లేడు. నాటకంలోని సంభాషణల్లాగా పదుల కొద్దీ గొంతులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, మధ్యమధ్య చరిత్ర గ్రంథాల నుంచి తీసిన ఉల్లేఖనలు ఉంటాయి, వాటిలో కొన్ని నిజమైనవి, కొన్ని కల్పించినవి. దాని శ్రవణ రూపానికి 166 మంది గొంతు ఇచ్చారంటే పాఠకుడి మీద పడే పని అంచనా వేయవచ్చు. తొలి పేజీల్లో ఎవరు మాట్లాడుతున్నారో తెలియక పుస్తకం పక్కన పెట్టేసినవారూ, తర్వాత ఎప్పుడో విని ఆనందించినవారూ ఉన్నారు. సూసీ కథలో పాఠకుడి చెయ్యి పట్టుకునేవారు ఒకరున్నారు; ఇక్కడ ఆ చెయ్యి లేదు. ఆ కష్టం దాటినవారు ఈ నవల ఇచ్చే దుఃఖాన్ని ఎక్కువ నమ్మదగినదిగా చెప్పడం వింతేమీ కాదు. సులువుగా దొరికిన ఊరటను అనుమానించే అలవాటు సాహిత్య పాఠకుల్లో బలంగా ఉంది. ఆ అలవాటులో కొంత అహంకారం లేకపోలేదు కూడా.

'ద లవ్లీ బోన్స్' మీద ఆ అనుమానాన్ని గట్టిగా వ్యక్తం చేసిన విమర్శకుడు డేనియల్ మెండెల్సన్. 2003 జనవరిలో న్యూయార్క్ రివ్యూ ఆఫ్ బుక్స్‌లో రాసిన సుదీర్ఘ సమీక్షలో, నవల హత్యతో మొదలైనా చీకటిలోకి నిజంగా దిగదనీ, అందరి గాయాలనూ తొందరగా మాన్పి పాఠకుణ్ణి ఇంటికి పంపేస్తుందనీ ఆయన వాదించాడు. నవల విజయాన్ని 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికన్లు కోరుకున్న ఊరటతో ముడిపెట్టాడు కూడా. ఆ వాదనకు కాలం సాక్ష్యం ఉంది: దాడులు జరిగి ఏడాది నిండకముందే పుస్తకం వచ్చింది, పైగా ఆ వేసవిలో పిల్లల అపహరణల వార్తలు అమెరికా టెలివిజన్‌ను ఆక్రమించాయి. అయితే ఆ వాదన పాఠకులను ఒక గుంపుగా చూస్తుంది. జాతీయ విషాదం వల్ల ఒక పుస్తకం ఎక్కువ అమ్ముడైందని చెప్పవచ్చు కానీ, దాన్ని చదివి ఏడ్చిన ఒక్కొక్కరూ ఆ విషాదం గురించే ఏడ్చారని చెప్పలేం. చాలా ఇళ్లలో చావు వార్తలతో సంబంధం లేకుండానే వస్తుంది.

పైగా ఈ ఆరోపణ కొత్తది కాదు, అంతకు నూటముప్పై ఏళ్ల ముందే ఇదే గొడవ దాదాపు ఇవే మాటలతో జరిగింది. 1861 నుంచి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధంలో ఆరు లక్షల మందికి పైగా సైనికులు చనిపోయారు. యుద్ధం ముగిసిన మూడేళ్లకు, 1868లో, ఎలిజబెత్ స్టువర్ట్ ఫెల్ప్స్ అనే ఇరవై నాలుగేళ్ల రచయిత్రి 'ద గేట్స్ అజార్' నవల వెలువరించింది. యుద్ధంలో అన్నను పోగొట్టుకున్న మేరీ అనే యువతికి చర్చి పెద్దలు చెప్పే ఓదార్పు మాటలు పుండు మీద కారంలా తగులుతాయి. దైవనిర్ణయాన్ని ప్రశ్నించకూడదనీ, స్వర్గంలో స్తోత్రగానం తప్ప మనుషుల మమకారాలకు చోటు ఉండదనీ వారి బోధ. అప్పుడు విధవరాలైన బంధువు వినిఫ్రెడ్ వచ్చి వేరే స్వర్గాన్ని వర్ణిస్తుంది: అక్కడ ఇళ్లు ఉంటాయి, తోటలు ఉంటాయి, సంగీతమంటే ప్రాణమిచ్చే అమ్మాయికి పియానో దొరుకుతుంది, చిన్నపిల్లకు అల్లం బిస్కెట్లు కూడా దొరుకుతాయి. అన్న అక్కడ చెల్లెలిని గుర్తుపడతాడు, ఆమె కోసం ఎదురుచూస్తుంటాడు.

పుస్తకం అమెరికాలోనూ ఇంగ్లండ్‌లోనూ విపరీతంగా అమ్ముడుపోయింది. మత పత్రికలు రచయిత్రి మీద విరుచుకుపడ్డాయి. మరోవైపు ఆప్తులను పోగొట్టుకున్నవారి ఉత్తరాలు వేల సంఖ్యలో వచ్చాయని ఆమె తన జ్ఞాపకాల్లో రాసుకుంది. మార్క్ ట్వేన్ ఆ స్వర్గం రోడ్ ఐలండ్ రాష్ట్రమంత చిన్నదని వెటకారమాడి, 1909లో పుస్తకంగా వచ్చిన తన వ్యంగ్యకథలో ఒక ఓడ కెప్టెన్‌ను స్వర్గానికి పంపి ఇలాంటి ఊహలన్నిటినీ ఆటపట్టించాడు. పియానోల మీద, బిస్కెట్ల మీద నవ్వడం సులభమే. ఆ పుస్తకానికి ఉత్తరాలు రాసినవారు మాత్రం బిస్కెట్ల గురించి అంతగా పట్టించుకుని ఉంటారని అనుకోలేం. తమ దుఃఖాన్ని అవిశ్వాసంగా జమకట్టకుండా ఒక నవల ఒప్పుకుంది, చర్చి పెద్దలు చేయనిది అదే. ఫెల్ప్స్ స్వర్గం గురించి పాఠకులు చర్చించినట్టు కనిపించినా, వాస్తవానికి వాళ్లకు అక్కరకొచ్చింది మేరీ కోపమే. నవల తొలి పేజీల్లో ఆమె ఓదార్చడానికి వచ్చినవారిని చూసి విసుక్కునే తీరు ఈనాటికీ తాజాగా ఉంటుంది, స్వర్గవర్ణన పాతబడిపోయింది.

ఈ తేడా సీబోల్డ్ నవలకూ వర్తిస్తుంది. పుస్తకం మూసేసిన చాలా రోజులకు పాఠకులు వాదించుకునేది ఊయలల స్వర్గం గురించి కాదు, సూసీ తల్లి అబిగేల్ గురించి. ఆమె తీర్పరుల చేతికి చిక్కినంతగా ఆ నవలలో హంతకుడు కూడా చిక్కలేదంటే అతిశయోక్తి కాదేమో. కూతురు పోయాక ఆమె పోలీసు అధికారితో సంబంధం పెట్టుకుంటుంది, తర్వాత భర్తనూ మిగిలిన ఇద్దరు పిల్లలనూ వదిలి కాలిఫోర్నియా వెళ్లి ఒక వైన్ తయారీ కేంద్రంలో పనికి కుదురుతుంది. భర్తకు గుండెపోటు వచ్చాక గానీ తిరిగి రాదు. కూతుర్ని ఒక్క క్షణం మరవని జాక్‌కు దొరికిన సానుభూతిలో సగం కూడా ఆమెకు దొరకదు.

దుఃఖం మీద జరిగిన మనోవైజ్ఞానిక పరిశోధన ఇక్కడ కొంత వెలుగు చూపుతుంది. 1917లో ఫ్రాయిడ్ రాసిన వ్యాసం ప్రకారం, పోయినవారి మీద పెట్టుకున్న మమకారాన్ని మనసు కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకోవడంతో శోకం ముగుస్తుంది. ఎలిజబెత్ కుబ్లర్‌రాస్ 1969లో చెప్పిన ఐదు దశలు (నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం) జనం నోళ్లలో బాగా నానాయి, ఏ పాత్ర ఏ దశలో ఉందో లెక్కగట్టే పాఠకులు ఎప్పుడూ ఉంటారు. నిజానికి ఆమె ఆ దశలను మరణానికి చేరువైన రోగులతో మాట్లాడి గుర్తించింది, వెనక మిగిలినవారిని చూసి కాదు. 1990లలో ఈ ఆలోచన మారింది. పోయినవారితో అనుబంధం తెగిపోనవసరం లేదనీ, రూపం మార్చుకుని కొనసాగడం ఆరోగ్యకరమే కావచ్చనీ 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ వాదించారు. 1999లో మార్గరెట్ స్ట్రోబ, హెంక్ షూట్ మరో మాట చేర్చారు: శోకంలో ఉన్న మనిషి పోయినదాని వైపూ, ఇకమీదట బతకవలసిన బతుకు వైపూ మార్చి మార్చి తిరుగుతుంటాడు, ఆ ఊగిసలాటే సహజం.

ఈ కోణంలో చూస్తే సాల్మన్ దంపతులు ఒకే శోకాన్ని చెరిసగం పంచుకున్నట్టు కనిపిస్తారు. జాక్ ఎప్పుడూ పోయినదాని వైపే నిలబడ్డాడు, అబిగేల్ ఎప్పుడూ అవతలి వైపే పరిగెత్తింది. ఇద్దరిలో ఎవరూ ఊగిసలాడలేకపోవడం వల్లనే ఇల్లు చీలింది. పాఠకులు మాత్రం జాక్‌ది ప్రేమ అనీ, అబిగేల్‌ది ద్రోహమనీ పేర్లు పెట్టేశారు. తల్లి అంటే ఇంటిని అంటిపెట్టుకుని ఉండాలన్న ఊహ ఇందులో కొంత పనిచేసింది, సందేహం లేదు. దానికి తోడు కథకురాలి స్థానం కూడా పనిచేసింది. పాఠకుడు చూస్తున్నది చనిపోయిన కూతురి కళ్లతో. ఆ కళ్లకు తండ్రి తన దిక్కుగా చూస్తున్నట్టూ, తల్లి ముఖం తిప్పుకున్నట్టూ కనిపిస్తుంది. సూసీ స్వయంగా తల్లిని క్షమించినా, చదువరి ఆమెకంటే కఠినంగా ఉండిపోతాడు. సంసారంలో కూరుకుపోయి చదువునూ ఆశలనూ వదులుకున్న అబిగేల్ గతాన్ని నవల వివరంగానే చెప్పింది, కానీ ఆ పేజీలను గుర్తుంచుకునేవారు తక్కువ.

శిక్ష విషయంలోనూ చూపరి స్థానమే అసలు చిక్కు తెచ్చింది. హంతకుడు హార్వీ ఎప్పటికీ పట్టుబడడు. చివర్లో మంచు కడ్డీ ఒకటి తన మీద పడటంతో తూలి, లోతైన పల్లంలోకి దొర్లి చనిపోతాడు. అంతకుముందు స్వర్గంలో, ఆనవాలు దొరకని హత్య ఎలా చేయాలన్న ఆటలో సూసీ మంచు కడ్డీనే ఆయుధంగా ఎంచుకుంటుంది, ఎందుకంటే అది కరిగిపోతుంది. ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకున్నవారు ఇది ఆమె పనే అంటారు, గుర్తులేనివారు ఇంత నీరసమైన చావా అని నిట్టూరుస్తారు. పీటర్ జాక్సన్ 2009లో ఈ నవలను సినిమాగా తీసినప్పుడు ముందస్తు ప్రదర్శనలు చూసిన ప్రేక్షకులు అతని చావు సరిపోలేదన్నారనీ, వారి తృప్తి కోసం ఆ మరణాన్ని మరింత బాధాకరంగా మళ్లీ చిత్రించవలసి వచ్చిందనీ జాక్సన్ చెప్పాడు. రెండు గంటలపాటు ఏమీ చేయలేక చూసినవారికి ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయాలన్న ఆరాటం పుట్టింది. పుస్తకంలో పాఠకుడు ఆ ఆరాటాన్ని పేజీల మధ్య మోస్తూ వెళ్లవలసిందే, తీర్చేవారు లేరు. సినిమా దాన్ని తీర్చింది, తీర్చడం వల్ల మెరుగుపడిందని మాత్రం ఎక్కువమంది అనలేదు.

ఆప్తుల చావు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు ఇలాంటి నవలను చదివినవారి స్పందన ప్రత్యేకంగా చూడవలసినది. మన అలంకార శాస్త్రంలో దీనికి సరిపడే పరిశీలన ఉంది. కావ్యంలోని శోకం ఫలానా మనిషిదిగా కాక, అందరిదీ ఎవరిదీ కానిదిగా మారినప్పుడే అది కరుణరసంగా ఆస్వాదనకు వస్తుందని సంస్కృత ఆలంకారికుడు భట్టనాయకుడు సాధారణీకరణమనే భావనతో చెప్పాడు. రసాస్వాదానికి అడ్డుపడే ఏడు విఘ్నాలను అభినవగుప్తుడు పేర్కొన్నాడు. వాటిలో ఒకటి, చెప్పేది సంభవమన్న నమ్మకం కలగకపోవడం. మరొకటి, సహృదయుడు, అంటే రసజ్ఞుడైన పాఠకుడు, తన సొంత సుఖదుఃఖాలకు వశుడైపోవడం. పరలోకం మీద కట్టిన నవలకు ఈ రెండు విఘ్నాలూ ఒకేసారి ఎదురవుతాయి. మొదటిదాన్ని రచయిత నేర్పుతో దాటవచ్చు, ఆ లోకానికి కొన్ని నియమాలు పెట్టి వాటిని తప్పకుండా ఉంటే చాలు. రెండోదాన్ని దాటడం రచయిత చేతిలో లేదు. చావు జరిగిన నెలలోనే పుస్తకం చదివిన తల్లికి సూసీ కనిపించదు, తన బిడ్డే కనిపిస్తుంది. ఆ కన్నీళ్లను నవల గొప్పతనానికి సాక్ష్యంగా చూపడం ఎంత పొరపాటో, వాటిని అడ్డం పెట్టుకుని నవల చవకబారుదనడమూ అంతే పొరపాటు. అవి వేరే లెక్కకు చెందుతాయి. అలాంటివారికి పుస్తకం బహూకరించేవారు ఒక్కమారు ఆలోచించుకోవడం మంచిదేమో, ఎందుకంటే ఇచ్చేవారు ఊరట అనుకున్నది తీసుకునేవారికి ఎలా తగులుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

'ద లవ్లీ బోన్స్' స్పందనల చరిత్రలో చివరి మలుపు నవల బయటి నుంచి వచ్చింది. 1981లో విద్యార్థినిగా ఉన్నప్పుడు సీబోల్డ్ అత్యాచారానికి గురైంది, ఆ అనుభవాన్ని 1999లో జ్ఞాపకాల పుస్తకంగా రాసింది. ఆ కేసులో శిక్షపడి పదహారేళ్లు జైల్లో గడిపిన వ్యక్తిని 2021 నవంబరులో న్యాయస్థానం నిర్దోషిగా తేల్చింది. రచయిత్రి క్షమాపణ చెప్పింది, ప్రచురణకర్తలు ఆ జ్ఞాపకాల పుస్తకం పంపిణీ ఆపేశారు. దాడి జరగలేదని ఎవరూ అనలేదు. గుర్తింపు తప్పింది, దర్యాప్తు తప్పింది, విచారణ తప్పింది. నవల కల్పితమే కాబట్టి దీనితో సంబంధం లేదని పక్కన పెట్టేయవచ్చు. కానీ రచయిత్రి సొంత గాయం నుంచి పుట్టిందన్న ఎరుకతోనే ఆ నవలను ఎంతోమంది నమ్మి చదివారు. ఇప్పుడు చదివేవారికి అందులో ఒక పోగు వేరుగా కనిపిస్తుంది.

ఆ పోగు జాక్ నమ్మకం. ఒక్క ఆధారమూ లేకుండానే పొరుగింటి హార్వీయే హంతకుడని అతని మనసు చెబుతుంది. పోలీసులు నమ్మరు, పాఠకుడు నమ్ముతాడు, ఎందుకంటే పాఠకుడు సూసీ పక్కన నిలబడి అంతా చూశాడు. తండ్రి మనసు తప్పు చెప్పదన్న ఈ భాగాన్ని ప్రేమకు పరాకాష్ఠగా చదవడం మామూలే. తప్పుడు గుర్తింపు ఒక మనిషి జీవితంలో పదహారేళ్లు మింగేసిందని తెలిశాక, ఆధారం లేని ఆ నిశ్చయం అంత మధురంగా అనిపించకపోవచ్చు. నవల మాత్రం ఆ ప్రమాదాన్ని ఎరగనిదేమీ కాదు. పోలీసులు మొదట అనుమానించినవారిలో రే సింగ్ అనే అమాయకుడైన కుర్రాడు ఉన్నాడు. ఒక రాత్రి జాక్ బేస్‌బాల్ బ్యాటు పట్టుకుని, హార్వీ అనుకుని మొక్కజొన్న చేలోకి వెళ్లేసరికి అక్కడ ఉన్నది సూసీ స్నేహితురాలు క్లారిసా. ఆమెను కాపాడటానికి వచ్చిన ఆమె ప్రియుడు అదే బ్యాటుతో జాక్ మోకాలు విరగ్గొడతాడు. పైనుంచి అంతా చూస్తున్న సూసీ అతన్ని ఆపలేదు, ఆపగలిగే వీలూ ఆమెకు లేదు.